నౌకల పందేనికి రూల్సు మనమే రాయాల

మన గోడ పత్రిక పోయిన సంచికలో పదో తరగతి అక్క రాసిన నౌకల పందెం కథ మీరందరూ చదివే ఉంటారు. నేను మూడుసార్లు చదివినాను. కథ బాగుంది. ఎర్ర నౌక బొమ్మ ఇంకా బాగుంది, దాని కాడ ఆరో తరగతి పిల్లలు గుంపుగా నిలబడి చూసినారు. అయితే ఆ పందెం గురించి నాకు వేరే అభిప్రాయం ఉండాది. అక్కకు ముందే చెప్పినాను. రాయమని ఆమే అన్నది. కాబట్టి ఇది తగవు కాదు, చర్చ అని అందరూ అనుకోవాలని మనవి.

కథ చదవని వాళ్ళ కోసం రెండు మాటలు. మూడు వేల సంవత్సరంలో అయిదు అంతరిక్ష నౌకలు భూమి నుంచి గురుగ్రహం దాకా పోయి తిరిగి రావాల. జాక్ అనే కెప్టెను అందరికంటే వెనక పడతాడు. ఆఖర్లో ఒక ఎర్ర బటన్ నొక్కుతాడు. నౌక జుయ్యిమని నాలుగు నౌకలను దాటేసి బంగారు కప్పు కొట్టుకొస్తాది.

నేను అడిగేది ఏమంటే, ఆ ఎర్ర బటన్ జాక్ మొదటే ఎందుకు నొక్కలేదు? మిగతా నాలుగు నౌకల్లో ఆ బటన్ ఎందుకు లేదు? ఎవరు ఎంత ఇంధనం తీసుకుపోవచ్చు, నౌక బరువు ఎంత ఉండాల, దారిలో చెడిపోతే ఏం చెయ్యాల, ఇవేమీ కథలో లేవు. గీత గీయని కబడ్డీలో కూత పెట్టి ఏం లాభం? కొత్త ఆటను కనిపెట్టినాం అంటే దాని రూల్సు కనిపెట్టినాం అనే అర్థం. నౌకకు రంగు ఎవరైనా వేస్తారు.

రూల్సు రాయాలంటే ముందు ఆకాశంలో పరుగు ఎట్ల ఉంటాదో తెలుసుకోవాల. నేల మీద పరుగుకూ దానికీ పొంతన లేదు. భూమి చుట్టూ తిరిగే నౌక మన ముందు ఇంకొక నౌక పోతా ఉంది అనుకోండి. దాన్ని అందుకోవాలంటే మనం ఏం చేస్తాం? ఇంజను పెంచుతాం. అట్ల చేస్తే మన నౌక ఇంకా పై చుట్టులోకి లేచిపోతాది, పై చుట్టులో తిరిగేది నిదానం, కాబట్టి ఇంకా వెనక పడతాం. ముందు నౌకను అందుకోవాలంటే కొంచెం బ్రేకు వెయ్యాల! అప్పుడు నౌక కింది చుట్టులోకి దిగి జోరందుకుంటాది.

కళ్ళంలో ఎద్దులను మేటికి కట్టి నూర్పిడి చేసేది మనలో చాలామంది చూసినాం. లోపలి ఎద్దు మెల్లగా అడుగులేస్తాది, బయటి ఎద్దు రొప్పుకుంటా పెద్ద చుట్టు తిరగాల. ఆకాశంలో ఇది తలకిందులు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతరిక్ష కేంద్రం సెకనుకు 7 కిలోమీటర్ల పైన పోతాది, గంటన్నరకు ఒక చుట్టు. చాలా దూరంలో ఉండే చంద్రుడు సెకనుకు ఒక్క కిలోమీటరే, ఒక చుట్టుకు 27 రోజులు. అక్కడ లోపలి ఎద్దుదే జోరు.

ఇది తెలిసిన వాళ్ళకు కూడా చేతికి వచ్చేది అంత సులువు కాదు. 1965 జూన్‌లో అమెరికా వాళ్ళ జెమిని 4 నౌకలో జేమ్స్ మెక్‌డివిట్ అనే ఆయన, తమను పైకి తెచ్చి విడిపోయిన రాకెట్టు ముక్క దగ్గరికి పోవాలని చూసినాడు. ఎదురుగా కనపడతా ఉండాది కదా అని దాని వైపే నౌకను తోసినాడు. ఎంత తోసినా అది దూరమే అయింది. ఇంధనం అయిపోతా ఉందని మానుకున్నారు. కాబట్టి జాక్ లాగా బటన్ నొక్కి నాలుగు నౌకలను దాటేది జరిగే పని కాదు. వాటిని దాటి యాడికో పోతాడు.

నౌకల పందెం అనే ఊహ కొత్తది కూడా కాదు. ఆర్థర్ సి. క్లార్క్ అనే రచయిత, శ్రీలంకలో చాలా ఏండ్లు ఉన్నాయన, 1964లోనే ఇట్లాంటి కథ రాసినాడు. అందులో నౌకలకు ఇంజనే లేదు, పెద్ద పెద్ద తెరచాపలు ఉంటాయి, సూర్యుని వెలుగు వాటిని తోస్తాది. వెలుగు తోస్తుందా అని నవ్వకండి. 2010లో జపాన్ వాళ్ళు ఇకారోస్ అనే నౌకను అట్లాంటి తెరచాపతో నిజంగా పంపినారు. తెరచాప ఒక్కొక్క పక్క 14 మీటర్లు, మందం మన తల వెంట్రుక కంటే చాలా తక్కువ. క్లార్క్ కథ నాకు ఎందుకు నచ్చిందంటే, అందులో బటన్ లేదు. గాలి చూసుకుని చేటలో గింజలు తూర్పార పట్టినట్టు, వెలుగు చూసుకుని తెరచాపను తిప్పుకోవాల.

మరి కథల్లో కాకుండా నిజంగా నౌకల పందెం జరిగిందా? జరిగింది. మన టీవీ గదిలోనే ఒకటి చూసినాం. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయలుదేరింది. రష్యా వాళ్ళ లూనా-25 ఆగస్టు 11న, అంటే నాలుగు వారాలు ఆలస్యంగా బయలుదేరింది. అయినా అది మన కంటే రెండు రోజులు ముందు, ఆగస్టు 21న చంద్రుని దక్షిణ ధ్రువం వైపు దిగాలని లెక్క. పేపర్లన్నీ పందెం, పందెం అని రాసినాయి. ఆగస్టు 19న లూనా-25 ఇంజను 84 సెకన్లు మండాల్సింది 127 సెకన్లు మండింది. నౌక చంద్రుని మీద పడి పగిలిపోయింది. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు మన విక్రం మెల్లగా దిగింది. ఆ రోజు మన బడిలో ఎంత కేకలు వేసినామో మీకు గుర్తుండే ఉంటాది.

మనం గెలిచినాం అని నేను కూడా ఎగిరినాను. కానీ 43 సెకన్ల తేడాకు ఒక నౌక పోయింది, దాన్ని తయారు చేసిన వాళ్ళు ఎన్నో ఏండ్లు కష్టపడి ఉంటారు. మన చంద్రయాన్-2 లాండరు కూడా 2019 సెప్టెంబర్ 7న ఇట్లనే పడిపోయింది కదా. ఆ తరువాత మూడో దాన్ని చేసేటప్పుడు ఏమేమి తప్పిపోవచ్చో లెక్క వేసుకుని చేసినారు. దిగే చోటు ముందు అర కిలోమీటరు చదరం ఉంటే దాన్ని నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచినారు. ఇంధనం ఎక్కువ పోసినారు. ఇది జోరుతో గెలిచిన గెలుపు కాదు, జాగ్రత్తతో గెలిచినది.

ఇంకొక పందెం ఉండాది, దాన్ని ఎవరూ పందెం అని అనలేదు కానీ నా దృష్టిలో అదే అసలైనది. 2013 నవంబర్ 5న మన మంగళయాన్ బయలుదేరింది. అదే నెల 18న అమెరికా వాళ్ళ మావెన్ బయలుదేరింది. మనది 13 రోజులు ముందు. అంగారకుని దగ్గరికి మావెన్ 2014 సెప్టెంబర్ 22న, మంగళయాన్ 24న చేరినాయి. మనది రెండు రోజులు వెనక. ఎందుకు? మావెన్ రాకెట్టు దాన్ని ఒక్క ఊపులో భూమి నుంచి విసిరేసింది. మన పీఎస్ఎల్‌వీకి అంత ఊపు లేదు. భూమి చుట్టూ తిరుగుతా, ఒక్కొక్క చుట్టుకు కొంచెం కొంచెం ఊపు పెంచుకుంటా, డిసెంబర్ 1న గానీ మంగళయాన్ భూమిని విడవలేదు. వడిసెలలో రాయి పెట్టి నాలుగు సార్లు తిప్పి విడిచినట్టు. మంగళయాన్ ఇంజను బలం 440 న్యూటన్లు. సైన్సు పుస్తకంలో లెక్క చేసి చూస్తే, అది నేల మీద 45 కిలోల బస్తాను ఎత్తేంత బలం, అంతకు మించి లేదు. మన బడిలో బియ్యం దించే అన్న దాని కంటే ఎక్కువ ఎత్తుతాడు. ఆ బలంతో అది అంగారకుని దాకా పోయి, ఆరు నెలలు పని చేస్తే చాలనుకుంటే ఏడేండ్ల పైన పని చేసింది.

గడియారం చూస్తే మావెన్‌దే గెలుపు. అది మనదాని కంటే బరువైన నౌక కూడా. అయితే అది సమానమైన పందెమేనా? ఈ ప్రశ్నకు జవాబు మన కర్నూలు, కడప జిల్లాల తిరునాళ్ళలోనే ఉండాది, మనమే చూడలేదు.

శివరాత్రికి, ఉగాదికి ఎద్దుల బండలాగుడు పోటీలు చూస్తాం. అక్కడ ఎద్దులు పరిగెత్తవు. బండను లాగుతాయి. ఇచ్చిన నిమిషాలలో ఎన్ని అడుగులు లాగితే అది లెక్క. అదొక్కటే కాదు, ఎద్దులను విడదీస్తారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ తరువాత సీనియర్లు. కోడెను తెచ్చి ముదురు ఎద్దు పక్కన నిలబెట్టరు. ఎద్దు ఒడ్డు పొడుగు చూసి కాదు, నోరు తెరిచి పళ్ళు చూసి విభాగం చెప్తారు. ఎద్దులను కొట్టేది నాకు నచ్చదు, అది వేరే మాట. కానీ ఈ పళ్ళ లెక్క ఉంది చూడండి, ఇది చాలా తెలివైన లెక్క.

మంగళయాన్‌ను పంపిన రాకెట్టు, మావెన్‌ను పంపిన రాకెట్టు, రెండూ 300 టన్నుల పైనే. బరువు చూస్తే రెండూ ఇంచుమించు ఒక్కటే. కానీ అమెరికా రాకెట్టు పై అంతస్తులో ద్రవ హైడ్రోజన్ మండించే ఇంజను ఉండాది. పీఎస్ఎల్‌వీలో అది లేదు. రాకెట్టుకు పళ్ళు అంటే ఇంజనే. పళ్ళు చూసి విభాగం పెట్టి ఉంటే మంగళయాన్ తన విభాగంలో మొదటి బహుమతి తెచ్చుకునేది అని నా అభిప్రాయం.

అందుకని నేను చెప్పేది, నౌకల పందెం అంటే బండలాగుడు లాగా ఉండాల. అందరికీ ఒకే కొలత ఇంధనం ఇవ్వాల. ఎంత బరువును, ఎంత దూరం, ఎంత చక్కగా చేర్చినారో చూడాల. పళ్ళను బట్టి విభాగాలు పెట్టాల. పాలపళ్ళ విభాగంలో బడి పిల్లలు చేసిన చిన్న ఉపగ్రహాలు పోటీ పడాల. ఇది కల కాదు. 75 బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి పంపినారు. రాకెట్టు సరైన చుట్టులో పెట్టలేకపోయింది, ఉపగ్రహం పోయింది. మళ్ళా చేసి 2023 ఫిబ్రవరి 10న పంపితే ఈసారి చేరింది. పాలపళ్ళ కోడెలే, కానీ బండ లాగినాయి.

ఇట్లాంటి విభాగాలు లేకుంటే ఏమవుతుందో కూడా చెప్తాను. 2007లో గూగుల్ లూనార్ ఎక్స్ ప్రైజ్ అని ఒక పందెం ప్రకటించినారు. చంద్రుని మీద బండిని దించి, అర కిలోమీటరు నడిపి, ఫోటోలు పంపిన మొదటి జట్టుకు 2 కోట్ల డాలర్లు. ప్రభుత్వాల డబ్బు పదో వంతు కంటే మించకూడదు, మిగతాది జట్లే తెచ్చుకోవాల అని రూలు. బెంగుళూరు నుంచి టీం ఇండస్ అనే జట్టు చివరి అయిదు జట్లలో నిలిచింది. దిగే యంత్రం బాగా చేసినందుకు 2015లో 10 లక్షల డాలర్ల బహుమతి కూడా తెచ్చుకుంది. అయినా అయిదింటిలో ఏ జట్టూ గడువులోపల చంద్రునికి బయలుదేరలేదు. 2018 మార్చి 31తో గడువు అయిపోయింది, పెద్ద బహుమతి ఎవరికీ రాలేదు. ఆ రూలు రాసిన వాళ్ళు మంచికే రాసి ఉంటారు, ప్రభుత్వాలు కాకుండా మామూలు జనం కూడా చంద్రునికి పోవాలని. కానీ రాకెట్టు కొనే డబ్బు మామూలు జనానికి యాడ నుంచి వస్తాది? ఆ రూలుతో పందెం నౌకల మధ్య కాకుండా డబ్బు వెతుక్కునే దాంట్లో జరిగింది.

ఇది నాకు ఎందుకు అంత కోపం తెప్పిస్తుందంటే, ఒకసారి ఆటల పోటీలకు మమ్మల్ని తీసుకుపోయినారు. అక్కడ బూట్లు లేని వాళ్ళు పరిగెత్తేదానికి లేదన్నారు. మాలో ఇద్దరికి బూట్లు లేవు, వాళ్ళే మాలో బాగా పరిగెత్తేవాళ్ళు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చినారు. ఆ రూలు రాసిన వాళ్ళకు మా మీద పగ ఏమీ లేదు. మేము ఉన్నామని వాళ్ళకు గుర్తు లేదు, అంతే. అందుకే రూల్సు రాసేటప్పుడు మనం కూడా అక్కడ ఉండాల అంటాను. కథ మనది, కాగితం మనది, గోడ మనది. ఇక్కడ కూడా జాక్ రాసిన రూల్సే ఎందుకు?

జాక్ అనే పేరు మీద నాకు కోపం లేదు. కానీ అయిదు నౌకల్లో ఒక్క దాంట్లో కూడా మన వాళ్ళు లేరు. మన దేశం రాకెట్లు ఎగిరేది శ్రీహరికోట నుంచి. ఆ దీవిని 1969లో ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న రోహిణి 125 అనే చిన్న రాకెట్టు అక్కడి నుంచి మొదటిసారి ఎగిరింది. అంతకు ముందు నుంచి ఆ దీవి అడవిలో ఉన్నది యానాదులు. దుంపలు, తేనె, చేపలు వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రాకెట్ల కోసం వాళ్ళు తమ చోటు విడవాల్సి వచ్చింది. మన బడిలో కడప వైపు నుంచి వచ్చిన యానాది చెల్లెళ్ళు ఉన్నారు. రాకెట్టుకు నేల ఇచ్చిన వాళ్ళకు కథలో ఒక్క సీటు ఇవ్వలేమా? కథలో సీటు ఇచ్చేదానికి పైసా ఖర్చు కాదు.

ఇంకొక రూలు మా నాయన వల్ల తోచింది. సెలవుల్లో మా గూడేనికి పోయినప్పుడు ఈ కథను మా నాయనకు చదివి వినిపించినాను. మా ఇంట్లో అక్షరాలు వచ్చేది నాకే, కాబట్టి ఏ కాగితమైనా నేనే చదవాల. నాయన అంతా విని ఒకటే అడిగినాడు. "పైకి పోయినోనికి తాడు పట్టేది ఎవురు?"

మా చెంచుల్లో కొండ చరియ మీద తేనె తీసేటప్పుడు మోకు కట్టుకుని కిందికి దిగుతారు. పైన ఆ మోకును కాపలా కాసేది దిగినవాని బావమరిది, అంటే పెండ్లాం తమ్ముడో అన్నో. వేరే వాళ్ళకు ఇయ్యరు. తన అక్క బతుకు చెడాలని ఎవడూ కోరుకోడు కదా, అందుకే వాడు నిద్ర పోడు, మోకు వదలడు. తేనె ఎంత తెచ్చినా పేరు దిగినవానికి మాత్రమే రాదు. మోకు పట్టినవానికీ వాటా ఉంటాది.

నాయన ప్రశ్న విన్నాక నాకు కథలో పెద్ద లోపం కనపడింది. జాక్ ఒక్కడే పోతాడు, ఒక్కడే గెలుస్తాడు. నిజంగా అట్ల ఉండదు. మంగళయాన్‌కు మోకు పట్టినది బెంగుళూరులోని ఇస్ట్రాక్ కేంద్రం వాళ్ళు. బ్యాలాలు అనే ఊరి దగ్గర 32 మీటర్ల వెడల్పు గొడుగు లాంటి యాంటెన్నా పెట్టుకుని దాని మాట వింటా ఉన్నారు. అంగారకుని దగ్గర అది బ్రేకు వేసే రోజు అక్కడి నుంచి మాట భూమికి చేరేదానికి సుమారు 12 నిమిషాలు పట్టింది. అంటే ఏదైనా తప్పు జరిగితే ఇక్కడ తెలిసేసరికే అక్కడ అయిపోయి ఉంటాది. అందుకని ఏ నిమిషానికి ఏం చెయ్యాలో ముందే దానికి చెప్పి పెట్టినారు. దాదాపు 300 రోజులు పెద్ద ఇంజను నిద్రలో ఉంది కాబట్టి, రెండు రోజుల ముందు నాలుగు సెకన్లు మండించి చూసుకున్నారు. మోకు దిగకముందే గుంజి చూసుకునేది కూడా ఇదే. గురుగ్రహం దాకా అయితే మాట పోయేదానికే 33 నుంచి 53 నిమిషాలు పడతాది. అక్క కథలో జాక్ భూమి మీది స్నేహితునితో ఫోనులో మాట్లాడినట్టు మాట్లాడతాడు. అది సరిచెయ్యాల. కప్పు మీద నౌక నడిపినవాళ్ళ పేరుతో పాటు మోకు పట్టినవాళ్ళ పేర్లు కూడా రాయాల.

తొందర పెట్టేవాళ్ళు పక్కన చేరితే ఏమవుతుందో కూడా తలుచుకోవాల. అమెరికా, రష్యాలు చంద్రుని కోసం పోటీ పడిన రోజుల్లో, 1967 ఏప్రిల్ 24న, సోయజ్ 1 నౌకలో కొమరోవ్ అనే ఆయన తిరిగి వస్తా, పారాచూట్ సరిగా తెరుచుకోక నేలకు కొట్టుకుని చనిపోయినాడు. పందెంలో ఎవరైనా "నౌక సరిగా లేదు, ఈ రోజు వద్దు" అంటే వాళ్ళకు ఓటమి రాయకూడదు. ఇంకొక రోజు ఇవ్వాల. ఈ రూలు మీద నేను ఎవరి మాటా వినను.

ఇన్ని రూల్సు పెడితే ఆట చప్పగా ఉంటుందని మా క్లాసులో కొందరు అన్నారు. అందుకే ఆడి చూసినాం. మన హాస్టలు వరండాలో పరిచిన కడప బండలు ఉండాయి కదా, అవి లెక్కకు చాలా బాగా సరిపోయినాయి. ఈ చివర నుంచి ఆ చివరకు 25 బండలు. ఒక్కొక్కరికి 12 చింతపిక్కలు ఇచ్చినాం. అదే ఇంధనం. మొదట నౌక నిలబడి ఉంటాది. ఒక పిక్క ఇస్తే వేగం ఒకటి పెరుగుతాది. అంటే వంతుకు ఒక బండ దాటొచ్చు. ఇంకొక పిక్క ఇస్తే వంతుకు రెండు బండలు. పిక్క ఇవ్వకుంటే వేగం అట్లనే ఉంటాది, తగ్గదు, ఎందుకంటే ఆకాశంలో గాలి లేదు, రాపిడి లేదు. తగ్గాలన్నా పిక్కే ఇవ్వాల! ఇక్కడే అందరూ అరిచినారు. బ్రేకుకు కూడా పిక్క ఇవ్వాల్నా అని. ఇవ్వాల. చంద్రయాన్ అయినా, మంగళయాన్ అయినా అంతే. మంగళయాన్ బరువు 1,337 కిలోలు అయితే అందులో 852 కిలోలు ఇంధనమే, దాంట్లో కొంత చివరి బ్రేకు కోసం దాచిపెట్టుకుని పోయింది.

ఆ చివరి బండ మీద సరిగ్గా ఆగాల. మళ్ళా తిరిగి వచ్చి మొదటి బండ మీద ఆగాల. మా క్లాసులో మంచి ఓటగాళ్ళు ఎవరో మీకు తెలుసు. వాళ్ళలో ఒకామె మొదటే 5 పిక్కలు ఖర్చు పెట్టి, 9 వంతులలో ఆ చివరకు పోయి ఆగింది. అందరూ చప్పట్లు. కానీ ఆగేదానికి ఇంకొక 5 పిక్కలు అయిపోయినాయి. మిగిలింది రెండే. ఒకటి కదిలేదానికి, ఒకటి ఆగేదానికి. తిరిగి వచ్చేటప్పుడు వంతుకు ఒక్కొక్క బండ, 25 వంతులు. మొత్తం 34. ఇంకొకామె, క్లాసులో ఎప్పుడూ మాట్లాడని పిల్ల, పోయేదానికి 3 పెట్టి ఆగేదానికి 3 పెట్టింది. వచ్చేటప్పుడూ అంతే. 11 వంతులు పోను, 11 వంతులు రాను, మొత్తం 22. ఆమె గెలిచింది. చప్పగా ఉందన్న వాళ్ళే ఆఖర్లో గొంతు పోయేలాగ అరిచినారు. బూట్లు ఉన్నాయా లేవా అని ఎవరూ ఎవరి కాళ్ళూ చూడలేదు.

ఒక్క రూలు దగ్గర మాత్రం మాలో మాకే తెగలేదు. దారిలో ఒక నౌక పిక్కలు అయిపోయి ఆగలేక పోతా ఉంటే, పక్క నౌక తన పిక్కలు ఇచ్చి ఆపవచ్చా? ఆపితే ఆ పిక్కలు ఎవరి లెక్కలో రాయాల? ఇచ్చిన నౌక ఓడిపోతే ఇంక ఎవరూ ఇవ్వరు. ఇచ్చిన పిక్కలను మళ్ళా వెనక్కి ఇస్తే, కొందరు కావాలని స్నేహితురాళ్ళకు పంచి మోసం చేస్తారు అని రెండో బెంచీ వాళ్ళు అంటాండారు. ఇచ్చిన పిక్కలలో సగం వెనక్కి ఇవ్వాలని నేను అంటాను. పదో తరగతి అక్క అసలు పందేన్నే ఆపి అందరూ ఆ నౌక దగ్గరికి పోవాల అంటాది. ఆమె మాటలో కూడా న్యాయం ఉండాది.

మీకు ఏమనిపిస్తుందో కాగితం మీద రాసి ఈ పత్రిక కింద ఉండే డబ్బాలో వెయ్యండి. పేరు రాయకున్నా ఫర్వాలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం బట్టలు ఉతుక్కున్న తరువాత వరండాలో మళ్ళా పందెం ఉంటాది. ఆరో తరగతి వాళ్ళకు పాలపళ్ళ విభాగం వేరేగా పెడతాం. చింతపిక్కలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాల. వంటింటి అక్కను అడిగితే ఇస్తాది.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని